సవరణ: ఆ 0.3 శాతం లెక్క మనది కాదు

టీహెచ్‌సీ (గంజాయి మొక్కలో మత్తెక్కించే పదార్థం) 0.3 శాతం లోపుంటే సీబీడీ (అదే మొక్కలోని, మత్తెక్కించని మరో పదార్థం) నూనె ఇండియాలో చట్టబద్ధమేనని మొన్న రాశాను. పొరపాటు నాదే. అది అమెరికా 2018 ఫార్మ్ బిల్లు గీసిన గీత.

మన 1985 ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో గంజాయి నిర్వచనం శాతం చూడదు, మొక్కలో ఏ భాగమో చూస్తుంది. పూత, కాయ ఉన్న కొసలు గంజాయి; విడదీసిన జిగురు చరస్. ఆ కొసలు కలవని ఆకు, గింజ గంజాయి కిందికి రావు. విజయ (ఆయుర్వేదంలో ఈ మొక్క పేరు) అని ఆకు సారం ఆయుర్వేద లైసెన్సు మీద అమ్మేది అందుకే. సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వైద్యుల పర్యవేక్షణ హెచ్చరిక వెతకండి.

గింజ నూనె (హెంప్ సీడ్ ఆయిల్) వేరే సరుకు. 2021 నవంబరు నాటి ఆహార భద్రత గెజిట్ ప్రకారం అందులో కిలోకు టీహెచ్‌సీ 10, సీబీడీ 75 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 30 మి.లీ. సీసాలో సీబీడీ మహా అయితే 2 మిల్లీగ్రాములు! 'హెంప్ సీడ్ ఆయిల్ 1000 ఎంజీ' అని ఉంటే చాలాసార్లు అది నూనె బరువే.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకోవచ్చన్న వాక్యమూ కొట్టేశాను. అక్కడి సీబీడీ ఎక్కువగా పూత నుంచే తీస్తారు.