మామిడి డ్రింకు బాటిల్ గారికి ఒక కస్టమర్ రాయునది

అయ్యా, నమస్కారాలు.

ఎండాకాలం కదా, హోర్డింగుల మీదా మీరే, క్రికెట్ ఓవర్ల మధ్యా మీరే, తీరిక ఉండదని తెలుసు. అయినా రెండు ముక్కలు వినండి.

1976లో మాజా, 1985లో ఆకుపచ్చ అట్టపెట్టెలో ఫ్రూటీ వచ్చిన దగ్గర్నుంచి మీ వంశానికి మా ఇళ్లలో ఉన్న మర్యాద అంతా ఇంతా కాదు. చుట్టాలొచ్చారని పిల్లాడు నల్ల కూల్‌డ్రింకు తెస్తే "అదెందుకురా, గ్యాస్ తప్ప ఏముంది, జ్యూస్ పట్రా" అని కసిరి మరీ మిమ్మల్ని తెప్పిస్తారు. ఆస్పత్రికి పలకరింపుకి వెళ్తూ కూడా మిమ్మల్నే సంచిలో వేసుకుంటారు, మంచం మీదున్నాయన షుగర్ పేషెంటైనా సరే. పండు కదా, బలం!

ఆ బలమెంతో చూద్దామని మిమ్మల్ని ఒకసారి వెనక్కి తిప్పాను. ముందువైపు కోసిన మామిడిపండు, దాని మీద చల్లటి నీటి బొట్లు, పక్కన లేత ఆకు. వెనకేమో భూతద్దం పెడితే గానీ కనపడని అక్షరాలు. ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాయాలనేది రూలు కాబట్టి మొదటి పేరు నీళ్లది. తర్వాత మామిడి గుజ్జు, చక్కెర, ఆపైన 330, 300, 110 అని ఏవో అంకెలు. ఆ 110 అంటే కృత్రిమ రంగు. మామిడిపండుకి రంగు తక్కువైందా స్వామీ? అది చాలక కింద "మామిడి ఫ్లేవర్ కలిపినది" అని ఇంకో ముక్క, అంటే మామిడిలో మామిడి వాసన కూడా బయటి నుంచి తేవాల్సి వచ్చిందన్నమాట.

మన దేశంలో ఫ్రూట్ డ్రింక్ అనిపించుకోవడానికి పండ్ల రసం 10 శాతం ఉంటే చాలట, నిమ్మకైతే 5 శాతమే. మాకు 35 వస్తే గానీ పాస్ చేసేవాళ్లు కాదు. చక్కెర మాత్రం 100 మి.లీ.కి 13, 14 గ్రాముల దాకా ఉంటుంది, 600 మి.లీ. బాటిల్ ఎత్తి గటగటా తాగితే 80 గ్రాములు అటూఇటూ. డబ్బాలో వచ్చే మీ పెద్దింటి చుట్టం "100 శాతం జ్యూస్" గారి పరువు ఎలాగూ పోయింది. చిక్కబెట్టిన రసంలో మళ్లీ నీళ్లు పోసి ఆ మాట అనకూడదని 2024 జూన్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పేసింది.

ఇవన్నీ పోనివ్వండి. నా బాధ తోతాపురి గురించి. ప్రకటనల్లో మీరు మామిడి జాతిలోకెల్లా మహారాజు కడుపున పుట్టినట్టు పోజు కొడతారు గానీ, మన దగ్గర గుజ్జు పట్టేదాంట్లో ఎక్కువ భాగం తోతాపురే. మనం కలెక్టర్ కాయ అని ముక్కలు కోసి ఉప్పూకారం అద్దుకు తినేది అదే. బాగా కాస్తుంది, గుజ్జు బాగా దిగుతుంది, దాని పుణ్యమా అనే చిత్తూరు జిల్లాలో అన్ని పల్ప్ ఫ్యాక్టరీలు వెలిశాయి. మరి దాని చిలకముక్కు మీ హోర్డింగు మీద ఎప్పుడైనా చూపించారా?

2025 సీజన్లో ఆ కాయ గతి ఏమైందో మీకు కబురందిందా? పాత గుజ్జే ఇంకా నిల్వ ఉందని ఫ్యాక్టరీలు చేతులెత్తేశాయి. గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరి రోజుల తరబడి కదల్లేదు, కాయ ట్రాలీలోనే మెత్తబడి రసం కారింది, విసిగిపోయినవాళ్లు రోడ్డు పక్కన పారబోసి ఇంటికెళ్లారు. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, వెరసి 12 అన్నారు. ఆ 8 కూడా పూర్తిగా ఇవ్వట్లేదని రైతులు మొత్తుకున్నారు. ఇక కోత కూలీ, ట్రాక్టర్ బాడుగ ఎక్కడ పుడతాయి! కాయ రేటు కూలినప్పుడు మీ ఎమ్మార్పీ కూడా కూలడం నేనైతే చూడలేదు.

కాబట్టి మనవి ఒక్కటే. ఆ నీటి బొట్ల పండు తీసేసి తోతాపురి బొమ్మ వేయండి. దాని కింద "రైతుకి కిలోకి ఇంత ముట్టింది" అని భూతద్దం అక్కర్లేని అక్షరాల్లో అచ్చు వేయండి. అప్పుడిక 110తో పనుండదు, సిగ్గుకి రంగు దానంతటదే వస్తుంది.

ఇట్లు,
ఎమ్మార్పీ పైన కూలింగ్ చార్జీ రెండు రూపాయలు కూడా నోరెత్తకుండా కట్టే కస్టమర్