శ్రీశ్రీ చంద్రుణ్ణి వెళ్లగొట్టాడా?

"తెలుగు కవిత్వంలో ప్రకృతి కృష్ణశాస్త్రితోనే సరి. శ్రీశ్రీ వచ్చి చెట్టునీ చంద్రుణ్ణీ వెళ్లగొట్టాడు. మిగిలిన కాస్తా నినాదాలకి వాడుకున్నారు. ఈ నగరాల గోలంతా ఇంగ్లీషు కవి ఎలియట్ దగ్గర తెచ్చుకున్న అరువు." ఈ మాట వాట్సాప్‌లో మళ్లీ చక్కర్లు కొడుతోంది.

ముందు చంద్రుడి సంగతి. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లో 'ఒక రాత్రి' అనే కవిత చదవండి. అందులో ఉన్నదంతా వెన్నెలే. కాకపోతే అది బహుళ పంచమి వెన్నెల, కవిని భయపెడుతుంది. ఆకాశం ఎడారి, జాబిల్లి కాళ్లు తెగిన ఒంటరి ఒంటె. నచ్చకపోతే నచ్చలేదనండి, లేదనకండి.

ఇక నినాదాలకి వాడుకోవడం. అదే పుస్తకంలోని 'భిక్షువర్షీయసి' కవితలో దారిపక్క చెట్టు కింద ఒక ముసలామె పడి ఉంటుంది, చుట్టూ ఈగలు. ఈ అవ్వ చనిపోతే ఆ పాపం ఎవరిదని అడిగేది ఏ నాయకుడో కాదు, వెర్రిగాలి. అడిగి, వెళ్లిపోతుంది. కుక్క ఎముక కొరుక్కుంటూ ఏమీ అనదు. తొండ ఒక ఈగను నోట వేసుకుని తప్పుకుంటుంది. దానికి జాలీ లేదు, కసీ లేదు, తొండ తొండలాగే ఉంది. చివరికి ఎంగిలాకు ఒకటి ఎగిరొచ్చి, ఇది నా పాపం కాదంటుంది. కృష్ణశాస్త్రి ఆకులో ఆకై పోవాలనుకున్నాడు. ఇక్కడ ఆకు మనిషిని దగ్గరికే రానివ్వదు. దీన్ని నినాదమని ఎలా అంటారో నాకైతే అర్థం కాదు.

అయితే తర్వాతి రోజుల్లో విప్లవానికి గుర్తుగా తూర్పున ఎర్రసూర్యుణ్ణి ఉదయింపజేయని కవి లేడన్నంత పని అయింది. ఆ విసుగు నాకూ ఉంది. దానికి శ్రీశ్రీని బోనెక్కించడం మాత్రం అన్యాయం.

అరువు మాటకొస్తే, ఎలియట్ 1922లో అచ్చేసిన 'వేస్ట్ లాండ్' కావ్యం చచ్చిన నేలలోంచి మొలిచే లైలాక్ పూలతో మొదలవుతుంది. లండన్ పొగమంచూ ఉంది, నిజమే. కానీ చివరి భాగంలో గంగ ఎండిపోయి, వాడిన ఆకులు వాన కోసం చూస్తుంటే, దూరంగా హిమవంతం మీద కారుమబ్బులు కమ్ముతాయి. అప్పుడు ఉరుము పలికే 'ద' అనే అక్షరం బృహదారణ్యకోపనిషత్తులోది. ఇంతకీ ఎవరు ఎవరి దగ్గర తెచ్చుకున్నట్టు?

కాకినాడలో ఫిలాసఫీ పాఠాలు చెప్పిన ఇస్మాయిల్ తన సంపుటికి 'చెట్టు నా ఆదర్శం' అని పేరు పెట్టుకున్నాడు. శ్రీశ్రీ తర్వాతి తరం, నినాదాల జోలికి పోని కవి. ఆయన్ని ఈ లెక్కలో ఎక్కడ వేస్తారో ఆ పోస్టు రాసినవాళ్లే చెప్పాలి.