జమైకా చూసొచ్చామంటారు, గేటు మాత్రం దాటరు

మొన్న మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకాయన నలభై ఫోటోలు పెట్టాడు. "జమైకా చూసేశాం బ్రో!" అని కింద రాశాడు. నలభైలో సగం పైగా స్విమ్మింగ్ పూల్. తర్వాత బఫే. ఒకటేమో మంచం మీద హంసలా మడిచిపెట్టిన టవల్. ఒక్కదాన్లో కూడా ఆ దేశపు రోడ్డు లేదు, సందు లేదు, చేతికి రిసార్ట్ పట్టీ లేని మనిషి లేడు. నేను కూడా మర్యాదగా ఒక లవ్ సింబల్ కొట్టి ఫోన్ పక్కన పడేశాను. కానీ రెండు రోజులుగా లోపల కుతకుతలాడుతూనే ఉంది. అందుకే ఈ పోస్ట్. పొడుగ్గా ఉంటుంది, ఓపిక లేనివాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

ఒకర్ని అనేముందు నా భాగోతం చెప్పుకోవాలి. 2019లో మేమూ అచ్చం ఇదే పని చేశాం. అట్లాంటా నుంచి మాంటెగో బే ఎయిర్‌పోర్టు, అక్కణ్ణుంచి ఏసీ బస్సు, బస్సు దిగగానే చేతికి పసుపు పట్టీ. ఐదు రోజులు. తిండి, తాగుడు అన్నీ ముందే కట్టేసిన డబ్బులో. మూడో రోజుకే మా ఆవిడ "ఇది మెక్సికో కాంకూన్‌లో ఉన్నా ఇంతే కదండీ" అంది. నిజమే. పాటలు, పాస్తా, ఆ నీలం కుర్చీలు అన్నీ అవే.

గది శుభ్రం చేయడానికి వచ్చే ఆవిడతో రోజూ రెండు మాటలు మాట్లాడేవాళ్ళం. ఆవిడది ఆ పక్క ఊరే. "మీ పిల్లల్ని ఆదివారాలు ఈ బీచ్‌కే తీసుకొస్తారా?" అని నేను అడిగాను. చాలా తెలివైన ప్రశ్న అనుకుని అడిగాను. ఆవిడ దుప్పటి దులుపుతూ నవ్వింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో ఇక్కడే పీతలు పట్టేదట. గోడ లేచాక యూనిఫాం వేసుకున్నప్పుడే ఇటు రావడమట. అంతే చెప్పి బాత్‌రూమ్ కడగడానికి వెళ్ళిపోయింది. నేను ఆ పట్టీ వంక చూసుకుంటూ కూర్చున్నాను.

ఇదేదో ఒక్క రిసార్ట్ దౌర్జన్యం అనుకున్నాను. తిరిగొచ్చాక చదివితే తెలిసింది, దీని వెనక చట్టమే ఉంది. 1956 నాటి బీచ్ కంట్రోల్ చట్టం. అప్పటికింకా బ్రిటిష్ వాళ్ళ పాలనే. అల తడిపే నేల, సముద్రం అడుగు ప్రభుత్వానివి అని అందులో రాసుకున్నారు. మామూలు మనిషికి బీచ్ మీద నడిచే, నీళ్ళలో దిగే సాధారణ హక్కు మాత్రం ఇవ్వలేదు. హోటళ్ళకి లైసెన్సులు ఇచ్చారు. 1962లో స్వాతంత్ర్యం వచ్చింది, చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. ద్వీపంలో పుట్టి, సముద్రంలో కాలు పెట్టడానికి ఎవరో ఒకరి దయ ఉండాలి. దీని మీద అక్కడ కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి, రోడ్డెక్కేవాళ్ళు ఉన్నారు.

2025లో రుషికొండ బీచ్‌కి ఇరవై రూపాయల టికెట్ పెడతామంటేనే మన వైజాగ్‌వాళ్ళు ఎంత గొడవ చేశారో గుర్తుందా? చివరికి వెనక్కి తీసుకున్నారు. ఇరవై రూపాయలకే మనకి అంత మండింది. అక్కడ ఏకంగా గోడ.

గెలిచినవాళ్ళూ ఉన్నారు. ఈశాన్యాన పోర్ట్‌లాండ్ వైపు విన్నిఫ్రెడ్ బీచ్ అని ఒకటుంది. అక్కడ టూరిస్టు ప్రాజెక్టు కడతామని ప్రభుత్వ సంస్థ ముందుకొస్తే ఊరివాళ్ళు కోర్టుకెళ్ళారు. జనం ఇరవై ఏళ్ళ పాటు అడ్డులేకుండా వాడుకున్న బీచ్ మీద హక్కు పోదని చెప్పే పాత చట్టం ఇంకోటుంది, 1882 నాటిది. దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి పోరాడి 2014లో గెలిచారు. అక్కడికి నేనింకా వెళ్ళలేదు. వెళ్ళాలి.

నేనూ, మా ఆవిడా, మావాడూ వెళ్ళింది దక్షిణానికి. 2024 మే నెల. సెయింట్ ఎలిజబెత్ అనే జిల్లాలో ట్రెజర్ బీచ్. అక్కడ జిల్లాని పారిష్ అంటారు, మొత్తం దేశానికి పద్నాలుగు. టూరిస్టులంతా ఉత్తరాన, పడమట గుమిగూడతారు: మాంటెగో బే, ఓచో రియోస్, నెగ్రిల్. దేశం జనాభా దాదాపు 28 లక్షలైతే, 2024లో క్రూయిజ్ షిప్పుల వాళ్ళతో కలిపి 40 లక్షల మందికి పైగా వచ్చిపోయారు. అంతమందిలో ఈ దక్షిణపు మూలకి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఇసుక తెల్లగా ఉండదు.

నిజంగా అంతే. గోధుమరంగు ఇసుక, లాగే అలలు. మాది చీరాల, ఓడరేవు బీచ్‌లో ఆడుకుని పెరిగినవాణ్ణి కాబట్టి నాకు అలాంటి సముద్రమే సముద్రంలా అనిపిస్తుంది. ఫోటోల్లోని ఆ నీలం నీళ్ళు చూస్తే నాకెందుకో ఫినాయిల్ గుర్తొస్తుంది (ఇది నా రోగం, పట్టించుకోకండి).

కారు అద్దెకి తీసుకోవచ్చు, మనలాగే ఎడమ పక్క డ్రైవింగ్, ఇబ్బందేమీ లేదు. రెండున్నర గంటల్లో పోవచ్చు. మేం మాత్రం రూట్ టాక్సీ ఎక్కాం. ఎర్ర నంబర్ ప్లేటు కార్లు, ఒక రూటులో అటూ ఇటూ తిరుగుతాయి. మన షేర్ ఆటో అనుకోండి. ముందు సీట్లో ఇద్దరు, వెనక నలుగురు, ఒకళ్ళ ఒళ్ళో స్కూలు బ్యాగు. "బయల్దేరదామా?" అంటే డ్రైవర్ "సూన్ కమ్" అంటాడు. మనవాళ్ళ "ఫైవ్ మినిట్స్‌లో ఉంటా" లాంటి మాట అది, గడియారంతో సంబంధం లేదు. మాంటెగో బే నుంచి సావన్నా లా మార్, దాన్ని అక్కడివాళ్ళు 'సావ్' అంటారు. అక్కడ దిగి ఇంకో కారులో బ్లాక్ రివర్. అక్కడ దిగి ఇంకోటి. నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో పుచ్చకాయల ధరల మీద వాదన, ఒక చావు కబురు, క్రికెట్ అన్నీ విన్నాను. ఇండియా అని చెప్పగానే వెనక సీటు పెద్దాయన తన కాలపు ఫాస్ట్ బౌలర్ల లెక్క విప్పాడు. కోర్ట్నీ వాల్ష్, మైకేల్ హోల్డింగ్ ఇద్దరూ జమైకావాళ్ళే కదా, మీవాళ్ళ హెల్మెట్లు ఎన్ని పగిలాయో అని నవ్వాడు. వాళ్ళ మాటల్లో సగం నాకు అర్థం కాలేదు. అక్కడి జనం మాట్లాడే భాష పాట్వా, ఇంగ్లీషులా వినిపిస్తుంది గానీ, చేత్తో పట్టుకుందామంటే జారిపోతుంది.

బ్లాక్ రివర్ గురించి ఒక్కమాట. టూర్ వాళ్ళు అక్కడికి తీసుకెళ్తే నదిలో మొసళ్ళు చూపిస్తారు. చూడండి, బాగుంటాయి. అయితే ఆ రేవుకి 1781 డిసెంబర్‌లో జాంగ్ అనే ఓడ వచ్చింది. దాన్లో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెస్తున్న మనుషులు. దారిలో నీళ్ళు చాలవనే సాకుతో నూట ముప్పై మందికి పైగా మనుషుల్ని బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. చచ్చిన 'సరుకు'కి ఇన్సూరెన్స్ డబ్బు ఇమ్మని యజమానులు ఇంగ్లండులో కోర్టుకెక్కారు. హత్య కేసు కాదండీ, ఇన్సూరెన్స్ కేసు. ఆ చనిపోయినవాళ్ళ గుర్తుగా ఊళ్ళో ఒక స్మారకం ఉంది. నేను టాక్సీ మారే గ్యాప్‌లో వెళ్ళి చూశాను. అక్కడ నేనూ, నీడకి పడుకున్న ఒక మేకా ఉన్నాం.

ట్రెజర్ బీచ్ అంటే ఒక బీచ్ కాదు, చిన్న చిన్న అఖాతాల వరస: బిల్లీస్ బే, ఫ్రెంచ్‌మన్స్ బే, కలబాష్ బే, గ్రేట్ బే. వాటి మధ్య జాలర్ల పడవలు, గెస్ట్ హౌసులు, మేకలు, ఒకటీ అరా బార్లు. ఆకాశాన్ని మూసే హోటలంటూ లేదు. మేం దిగిన ఇంటావిడని ఊరంతా 'మిస్' అని పేరు ముందు చేర్చి పిలుస్తారు, మనం అత్తా, పిన్నీ అన్నట్టు. మేమూ అలాగే పిలిచాం. పేరు రాయను, ఆవిడకి నచ్చదు.

నేను శాకాహారిని కాదు, మా ఆవిడ మాత్రం పక్కా. "ఏం తింటావో ఏమో" అని నాకు టెన్షన్. మర్నాడు పొద్దున్నే మిస్ ఒక పళ్ళెంలో ఆకుకూర వేపుడు పెట్టింది, ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరపకాయ వేసి. అక్కడ దాన్ని కలలూ అంటారు. మా ఆవిడ ఒక ముద్ద తిని, "ఏమండీ, ఇది తోటకూర!" అంది. తోటకూరే. పెరట్లోకి తీసుకెళ్ళి మొక్క చూపించింది మిస్. పక్కనే బమ్మీ అనే రొట్టె, కర్రపెండలం తురిమి, పిండి చేసి కాల్చింది. మన పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యానికి పండించే దుంపే. క్రిస్మస్‌కి వస్తే గుంగో పీస్ అన్నం పెడతానంది. గుంగో అంటే కందులు! ఆ కొబ్బరిపాలు పోసి వండిన కంది అన్నం కోసం అప్పటి నుంచీ నా నాలుక కాచుకునుంది. రాస్తాలు, అంటే అక్కడి రాస్తఫారీ మతంవాళ్ళు, వండుకునే ఇటల్ వంట అని ఇంకోటుంది, మాంసం ఉండదు, చాలామంది ఉప్పు కూడా వెయ్యరు. మా ఆవిడకి పండగ. నాకు కొంచెం చప్పగా అనిపించింది, నేనైతే చేపల మీద పడ్డాను. వేయించిన చేప మీద వెనిగర్లో నానిన ఉల్లి, క్యారెట్, స్కాచ్ బోనెట్ మిరపకాయ పోస్తారు. ఎస్కోవిచ్ అంటారు. ఆ మిరపకాయని గుంటూరు గర్వంతో కొరికాను. తప్పు చేశాను.

మిస్ వాళ్ళ అమ్మమ్మ వైపు ఇండియన్లట. 1845 మే 10న ఇండియా నుంచి కూలీలతో మొదటి ఓడ ఓల్డ్ హార్బర్ బే చేరింది. 1917 వరకూ దాదాపు 36 వేల మందిని కూలీ ఒప్పందాల మీద తీసుకొచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి ఎక్కినవాళ్ళే. ఏ ఊరో ఏ భాషో ఆవిడకి తెలీదు. మేక కూర మాత్రం 'కర్రీ గోట్' పేరుతో దేశం మొత్తానికి పండగ కూర అయి కూర్చుంది. గంజాయిని కూడా వాళ్ళు 'గాంజా' అనే అంటారు, ఆ మాట మనదే. ఏం మోసుకెళ్ళామో చూడండి!

ఒక సాయంత్రం నడుచుకుంటూ ఊరి వెనక పొలాల్లోకి పోయాం. ఎర్ర నేల. సాంటా క్రజ్ కొండలు మబ్బుల్ని అటే ఆపేస్తాయి, ఇటు వాన తక్కువ. అయినా దేశానికి కూరగాయలు పెట్టే జిల్లా ఇది. ఎలాగంటే, గినీ గడ్డి కోసి, ఎండబెట్టి, సాళ్ళ మధ్య మందంగా పరుస్తారు. దాని కింద తడి ఆరదు. దాంట్లోంచి ఉల్లికాడలు, పుచ్చకాయలు, టమాటాలు. ఒక రైతు గడ్డి పక్కకి జరిపి కింద మట్టి పట్టుకోమన్నాడు. చల్లగా ఉంది. నేను చూసిన జమైకాలో నాకు ఎక్కువ గుర్తుండేది ఆ మట్టే. ఉత్తరాన రిసార్ట్ బఫేలో మేం తిన్న పుచ్చకాయ ఇక్కడిదో, విమానంలో వచ్చిందో ఎవరికి తెలుసు!

ఇదంతా చదివి "అబ్బ, స్వర్గం" అనుకోకండి. నీళ్ళు ట్యాంకులో ఉన్నంతే, వాననీళ్ళు పట్టుకుని దాచుకునే ఇళ్ళు. స్నానానికి మిస్ మాకు క్లాసు పీకింది. దోమలు. కరెంటు పోతే పోయినట్టే. పిల్లలకి వాటర్ స్లైడ్ లేదు, మావాడు మొదటి రోజు ముఖం మాడ్చుకున్నాడు, రెండో రోజు జాలర్ల పిల్లలతో బాల్ ఆడటానికి పోయి భోజనానికి కూడా రాలేదు. అలలు లాగుతాయి, ఎక్కడ దిగాలో ఊరివాళ్ళనడిగి దిగాలి.

"సేఫ్టీ మాటేమిటి?" అని కామెంట్లలో ఎలాగూ వస్తారు. జమైకాలో నేరాలు లేవని నేననను. ఉన్నాయి, కొన్ని పట్టణాల కొన్ని పేటల్లో గట్టిగానే ఉన్నాయి. రాత్రిపూట కొత్త రోడ్డు ఎక్కొద్దని ఇంటివాళ్ళు చెబితే వినాలి. అది హైదరాబాద్ వచ్చినవాడికి మనం చెప్పేదే. కానీ ఆ భయాన్ని అమ్ముకునేదెవరో కూడా చూడండి. "గేటు బయట ప్రమాదం" అని చెప్పేవాడి వ్యాపారం గేటు లోపల ఉంటుంది.

ఇంకో మాట అన్నాడు మా ఫ్రెండ్: "నువ్విలా రాస్తే అందరూ అక్కడికే పోయి దాన్ని కూడా చెడగొడతారు." దీనికి నా దగ్గర మంచి సమాధానం లేదు. మా చీరాల పక్క రామాపురంలో రిసార్టులు లేచాక ఏమైందో నాకు తెలుసు. పోస్ట్ చెయ్యాలా వద్దా అని వారం ఆలోచించాను.

చేస్తున్నది ఎందుకంటే, మేం వచ్చేసిన రెండు నెలలకి, 2024 జూలై 3న బెరిల్ తుపాను సరిగ్గా ఆ దక్షిణ తీరాన్ని రాసుకుంటూ పోయింది. సముద్రం మధ్య ఇసుకదిబ్బ మీద కర్రలతో కట్టిన పెలికన్ బార్, మేం పడవేసుకుని పోయి కూర్చున్నది, ఊడ్చుకుపోయింది. మళ్ళీ కట్టారు. 2004లో ఐవాన్ తుపానుకి పోయినప్పుడూ కట్టారు. బెరిల్‌కి మిస్ ఇంటి రేకులు లేచిపోతే అప్పు చేసి వేయించింది. ఏడాది తిరిగి కాస్త ఊపిరి పీల్చుకున్నారో లేదో, 2025 అక్టోబర్ 28న మెలిసా తుపాను. గంటకి 295 కిలోమీటర్ల గాలి, కేటగిరీ 5, తుపాన్లలో అంతకు మించిన స్థాయి లేదు. పక్క జిల్లా వెస్ట్‌మోర్‌లాండ్‌లో తీరం దాటింది. బ్లాక్ రివర్ ఊరు ఊరంతా దెబ్బతింది. ఆ స్మారకం, ఆ టాక్సీ స్టాండు ఉన్న ఊరే. వారం పాటు మిస్ ఫోన్ కలవలేదు. తర్వాత ఒక ఫోటో వచ్చింది: గోడలు ఉన్నాయి, పైన ఆకాశం.

పెద్ద రిసార్టులకి ఇన్సూరెన్స్ ఉంటుంది, బ్యాంకులుంటాయి. నాలుగు గదుల ఇంటికి వచ్చిపోయే మనిషే బ్యాంకు. మేం మిస్ ఇంట్లో ఐదు రాత్రులకి కట్టింది రిసార్టులో రెండు రాత్రుల ఖర్చు కూడా కాదు. అందులో మిస్ ఎవరెవరికి పంచిందో నేను కళ్ళారా చూశాను: చేపలవాడికి, కూరగాయల రైతుకి, బట్టలు ఉతికే అమ్మాయికి, మమ్మల్ని పడవలో తిప్పిన తన మేనల్లుడికి.

అమెరికాలో జూలై 4 సెలవు వచ్చే వారానికి మిస్ దగ్గర రెండు గదులు చెప్పాను. రేకులు వేయించేశానంది. ఒక గది మాకు, ఇంకోటి ఖాళీ. నిన్న అదే వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఎవరైనా వస్తారా అని. బ్లూ టిక్కులు బోలెడు. చాలాసేపటికి ఒకే ఒక్క రిప్లై వచ్చింది: "అక్కడ ఇండియన్ రెస్టారెంట్ ఉందా అన్నా?"

తోటకూర ఉంది అని పెట్టాను. ఇంకా టైపింగ్ అని చూపిస్తూనే ఉంది.