"ఈ కథలోని నీతి ఏమిటి?" గారికి

గౌరవనీయులైన నీతి గారికి, హన్మకొండ దగ్గర రెండో తరగతికి పాఠాలు చెప్పే టీచర్ నమస్కరించి రాయునది.

ప్రతి కథ కింద గీత గీయించుకొని మరీ కూసుంటరు మీరు. మార్కులు మీ దగ్గరనే ఉన్నయని పిల్లలకు ఎరుకే, అందుకే కథ చదవకముందే చూపు కిందికి పోతది. మొన్న పరీక్షల దాహమేసిన కాకి కథ ఇస్తే ఒకడు కుండ, గులకరాళ్ళు అన్నీ వదిలేసి ఒక్క లైన్ రాసిండు: "ఐకమత్యమే మహాబలం." ఉన్నదే ఒక్క కాకి సార్, ఐకమత్యం ఎవరితోని, రాళ్ళతోనా? వాడి తప్పేం లేదు, గైడ్ల ఉన్న నీతులన్నీ బట్టీ పట్టిండు, ఏదో ఒకటి తగలకపోతదా అని వేసిండు.

ఇంకో పిల్ల ఉంది, నోరు తెరిస్తే ఆపదు. వాళ్ళింట్లకు కోతి జొరబడ్డ ముచ్చట ప్రేయర్ల నిలబడ్డప్పుడే షురూ చేసింది. నాయనమ్మ బియ్యం చెరుగుతుందట, తలుపు తీసే ఉందట, కోతి సప్పుడు లేకుండ వచ్చి పల్లీల డబ్బా సంకల పెట్టుకుందట, నాయనమ్మ చాట ఎత్తితే పళ్ళు ఇకిలించిందట, గప్పుడు నాయనమ్మనే లోపలికి ఉరికి గొళ్ళెం పెట్టుకుందట, కోతేమో దర్జాగ అరుగు మీద కూసుందట. ఎవరు, ఎక్కడ, ఏమైంది, ఎందుకైంది, అన్నీ ఉన్నయి అందుల. అదే రాయమంటే? "ఒక ఊరిలో ఒక కోతి ఉండెను. అది దొంగతనం చేసెను. నీతి: దొంగతనం చేయరాదు." నాయనమ్మ గాయబ్, చాట గాయబ్, గొళ్ళెం గాయబ్. అంతా మీరే మింగిన్రు సార్.

2022ల సర్కారు బడుల చిన్న తరగతులకు చదువుడు, రాసుడు, లెక్కలు గట్టిగ నేర్పాలని తొలిమెట్టు అనే కార్యక్రమం వచ్చింది, చదివింది అర్థం కావాలె అన్నరు, మంచిదే. అర్థమైందా లేదా చూసుడు మటుకు మా పేపర్ తయారుచేసేటోళ్ళు మళ్ళీ మీ చేతికే ఇచ్చిన్రు.

అసలు మా దిక్కు కథ చెప్పుడు ఎట్లుంటదో చూసిన్రా? చేర్యాల పటం చుట్ట విప్పుతుంటే ఒక్కో వరుస బొమ్మలకు ఒక్కో ముక్క కథ, కిందిది కనపడేదాక జనం లేవరు. ఒగ్గు కథల ఒకరు చెప్తుంటే పక్కోళ్ళు మాట అందుకుంటరు. నేను గదే కాపీ కొట్టిన. పాత క్యాలెండర్ కాగితం వెనక గళ్ళు గీసి ఫస్ట్ బొమ్మలు, తర్వాత నోటితో చెప్పుడు, రాసుడు అన్నిటికన్నా ఆఖరికి. గడి మారినప్పుడల్లా మిగతా పిల్లలు "ఎందుకు?" అని అడగాలె, ఎందుకంటే చిన్నపిల్లలు "తర్వాత, తర్వాత" అని గొలుసు కట్టుకుంట పోతరు గానీ దీనివల్ల అది అయింది అని చెప్పుడు అడిగితేనే వస్తది. (గోల మస్తైతది, పక్క క్లాసు మేడం వచ్చి చూసి పోతది.)

మిమ్మల్ని బడి ఇడిచి పొమ్మంటలేను, పెద్ద తరగతులల్ల ఉండుండ్రి. మూడో తరగతి దాటేదాక మటుకు మా పిల్లల జోలికి రాకుండ్రి. అంతగా పొద్దుపోకపోతే మేడారం పోయి రాండ్రి, సంపెంగ వాగు జంపన్న వాగు ఎట్లైందో అక్కడ ఎవరినైనా అడగండ్రి. కరువుల కప్పం కాడికెల్లి మొదలుపెట్టి కాకతీయుల సైన్యం, యుద్ధం, సమ్మక్క కొడుకు జంపన్న ఆ వాగుల పడేదాక చెప్తరు, ఆడ మిమ్మల్ని ఎవ్వరూ యాది చెయ్యరు.

ఇట్లు,
రెండో తరగతి టీచర్

తా.క.: డబ్బా మూత రాక కోతి దాన్ని అరుగు మీదనే ఇసిరేసి పోయిందట. ఎందుకు రాలేదే అంటే, నాయనమ్మకు కూడా రాదట, రోజూ తాతనే తీస్తడట.