గైరోగారికి ఒక రహస్య విన్నపం

మహారాజశ్రీ గైరోగారికి,

రిమోట్‌తో ఎగిరే మా బొమ్మ విమానం పొట్టలో, రిమోట్ మాట వినే రిసీవర్ పక్కన, రెండు వైపులా అంటుకునే టేపు మీద కొలువుదీరి, విమానం ఒరిగిపోకుండా కాచే తమరికి నమస్కారాలు. తపాలా బిళ్లంత మనిషికి ఇంత పొడుగు ఉత్తరం ఎందుకంటారా? మైదానంలో అందరి ముందూ మీతో మాట్లాడలేను. మీరున్నారని అక్కడ సగం మందికి తెలియదు. తెలియాలని నాకూ లేదు.

మీరు రాకముందు మా ఊరి ఎండిన చెరువులో మా ఆదివారాలు పొద్దున ఏడింటికే ముగిసేవి. గాలి లేస్తే థర్మకోల్ విమానం గాలిపటం కన్నా హీనం. కుడి రెక్క లేస్తుంది, దాన్ని దించేలోపు ఎడమది లేస్తుంది, రెండూ సర్దేలోపు తుమ్మచెట్టు వచ్చేస్తుంది. ఇప్పుడు పదకొండింటికి కూడా నా విమానం పట్టాల మీద రైలులా దిగుతోంది. మొన్న ఒకాయన దగ్గరికొచ్చి, "చేయి బాగా కుదిరిందండీ మీకు" అన్నాడు. నేను వినయంగా తల వంచాను. కాదని మాత్రం అనలేదు.

మీ వంశం తక్కువదేమీ కాదు. మీ తాతలు బొంగరాలు. 1852లో ఫూకో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ తిరిగే చక్రానికి గైరోస్కోప్ అని నామకరణం చేశాడు. 1914 జూన్‌లో పారిస్ దగ్గర సెన్ నది మీద జరిగిన విమాన భద్రత పోటీలో లారెన్స్ స్పెరీ అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రవాడు, నాలుగు గైరోస్కోపులున్న విమానంలో కూర్చుని రెండు చేతులూ పైకెత్తి జనానికి చూపించాడు. అదే సమయంలో అతని మెకానిక్ రెక్క మీదికి నడిచి వెళ్లాడు. విమానం ఒరగలేదు. బహుమతి వాళ్లకే వచ్చింది. చేతులెత్తి మరీ "నేను కాదు, నా యంత్రం" అని చెప్పుకున్నాడు చూడండి, ఆ నిజాయితీ మా చెరువులో ఎవరికీ పట్టుబడలేదు.

మీలో ఇప్పుడు తిరిగే చక్రం లేదు. కంటికి ఆనని సిలికాన్ ముక్కలు అదేపనిగా వణుకుతుంటాయి. విమానం తిరిగితే ఆ వణుకు పక్కకు తప్పుతుంది. ఎంత తప్పిందో కొలిచి మీరు సర్వోలకు, అంటే రెక్కల, తోక అంచుల్ని కదిపే చిన్న మోటార్లకు, పురమాయిస్తారు. ఇంత పనిమంతులకు అలకొకటి. బ్యాటరీ తగిలించగానే మీరు కళ్లు మూసుకుని కూర్చుంటారు. ఆ నాలుగు క్షణాలూ విమానాన్ని ఎవరూ కదపకూడదు. కదిపితే కొత్త అల్లుడిలా ముఖం తిప్పుకుని, సర్వోలను ఓ పక్కకు వంచి పెడతారు.

గెయిన్ సంగతి, అంటే మీరు ఎంత గట్టిగా సవరించాలో చెప్పే అంకె సంగతి, మరీ ఘోరం. అది ఎంత పెంచితే అంత స్థిరంగా ఉంటుందనుకుని మొదట్లో 80 శాతం పెట్టాను. నెమ్మదిగా ఎగిరినంతసేపూ దేవుడిలా ఉన్నారు. థ్రాటిల్ పెంచగానే రెక్కలు మలేరియా రోగిలా వణికాయి. వేగం పెరిగితే రెక్క అంచున కదిలే పలక ఐలెరాన్‌కు బలం పెరుగుతుంది, మీ చిన్న సవరణ కాస్తా పెద్ద దెబ్బ అవుతుంది, ఆ దెబ్బను సరిచేయడానికి మీరు అటు నుంచి ఇంకొకటి వేస్తారు. ఎవరో "గాలి ఎక్కువగా ఉందా?" అని అడిగారు. ఆకు కదలడం లేదు. "పైన ఉంది" అన్నాను.

మీ లాక్ మోడ్‌కు వేరే దండం. ముక్కు ఏ కోణంలో పెడితే ఆ కోణంలోనే పట్టి ఉంచుతారు, పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు. దిగేటప్పుడు థ్రాటిల్ తగ్గించాను. మీరు లేని విమానమైతే వేగం పడిపోగానే ముక్కు తానే వంచి హెచ్చరించేది. మీరు వంచనివ్వలేదు. ముక్కును ఎత్తి దించే తోక పలక ఎలివేటర్‌ను కొంచెం కొంచెం ఎత్తుతూ, చివరిదాకా అంతా బాగుందన్న ముఖం పెట్టించి, ఇంటి కప్పంత ఎత్తులో వదిలేశారు. విమానం ఎడమ రెక్క మీద పడింది. తిరుగుడు కొలవడం తప్ప మీకు వేగమూ తెలియదు, నేల ఎక్కడుందో అంతకన్నా తెలియదు.

ఇక ఆ తలకిందుల వ్యవహారం. వైర్లు అందడం లేదని తమరిని బోర్లించి అంటించాను, వైర్ల ముఖం అటే ఉంచి. బోర్లించానని మీకు చెప్పడం మరిచాను. రెక్కలు ఊపి చూశాను. కుడి రెక్క దించితే కుడి ఐలెరాన్ దిగింది, సరిగ్గానే ఉంది. ముక్కు ఎత్తి చూడటానికి బద్ధకించాను. అలా బోర్లిస్తే ఒరుగుడు మీకు సరిగ్గానే తెలుస్తుందట, ముక్కు ఎత్తడం దించడం మాత్రం తారుమారవుతుందట. గాలిలోకి లేవగానే ముక్కు కాస్త ఎత్తింది. మీరు ఇంకాస్త ఎత్తారు. తర్వాత బస్తాలో ఏరుకొచ్చాను. అడిగినవాళ్లకు "గైరో పాడైంది" అని చెప్పాను. మీ ఉనికి బయటపెట్టింది ఆ ఒక్కసారే.

గత నెల ఎవరూ లేనప్పుడు, పైన ఎత్తులో మిమ్మల్ని ఆపి చూశాను. నాలుగు చుట్లు తిప్పేసరికి అరచేతులకు చెమట పట్టింది. తుమ్మచెట్టు మళ్లీ దగ్గరికొచ్చింది. వేలు దానంతట అదే మీ స్విచ్ మీదికి వెళ్లింది.

అసలు విషయానికి వస్తాను. గైరో లేకుండా దింపడం ఎలాగో చూపిస్తానని కొత్తగా చేరిన కుర్రవాడికి మాటిచ్చాను, వచ్చే ఆదివారానికి. అందరూ చూస్తుండగా స్విచ్ ఆఫ్ వైపు వేస్తాను. కంగారు పడకండి. ఆ స్విచ్‌కున్న మూడు స్థానాల్లోనూ, ఆఫ్‌తో సహా, నిన్న రాత్రే 40 శాతం గెయిన్ పెట్టి ఉంచాను. మీరు నోరు మెదపకుండా మీ పని కానివ్వండి.

ఇట్లు,
తమ విమాన యజమాని

తా.క.: ఈసారి తమరిని బోర్లించలేదు. ముక్కు కూడా ఎత్తి చూశాను.