కారు కంపెనీల నీతులు ఎవరు కొంటున్నారు?

ఈ మధ్య కార్ల ప్రకటనల్లో కారు తక్కువ, నీతులు ఎక్కువ. ఆడపిల్లను చదివించండి, చెట్టు నాటండి, అంబులెన్సుకు దారివ్వండి అని అంతసేపు చెప్పి, చివర్లో అలా ఓసారి బండి చూపించి వదిలేస్తున్నారు. చెప్పేవి మంచి మాటలే, కాదనం. వాటిని చూసి ఎవరైనా కారు కొంటున్నారా అన్నదే మా ప్రశ్న.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఏ షోరూంలోనైనా ఓ పూట కూర్చుంటే సగం జవాబు దొరుకుతుంది. వడ్ల పైసలు డౌన్ పేమెంట్‌కు తెచ్చుకున్న రైతు, పక్కన కొడుకు ఫోన్లో రివ్యూ వీడియో చూపిస్తుంటే, "అవన్నీ సరేగానీ సార్, లీటరుకు ఎంతిస్తది?" అంటాడు. ఆ తర్వాత ఆన్ రోడ్ ఎంత, నెలకు కిస్తీ ఎంత, సర్వీసింగ్ ఇక్కడే చేస్తరా హైదరాబాద్ పోవాల్నా, ఐదేండ్ల తర్వాత అమ్మితే ఎంతొస్తది. అన్నిటికన్నా గట్టి బేరం సీటు కవర్లు, మ్యాట్లు ఉత్తగ ఇస్తారా లేదా అన్న దగ్గర నడుస్తుంది. కంపెనీ ఎన్ని చెట్లు నాటిందో అడిగినవాణ్ని ఇంతవరకు ఏ సేల్స్ కుర్రాడూ చూసి ఉండడు.

అట్లాగని మంచి మాట అమ్మకాలకు అసలే పనికిరాదని తీసిపారేయలేం. అమెరికాలో సుబారు అనే జపాన్ కంపెనీ 1990ల్లో, మిగతా కంపెనీలు పేరెత్తడానికే జంకిన రోజుల్లో, స్వలింగ సంపర్కులైన మహిళలను ఉద్దేశించి ప్రకటనలు ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు, తమ బండ్లు ఎవరు కొంటున్నారో ఆరా తీస్తే వాళ్లు కనిపించారు కాబట్టి ఇచ్చింది. 2008 నుంచి 'ప్రేమ' అన్న మాటనే పట్టుకుని ప్రచారం నడిపింది. ఆ ఏడాది అక్కడ 1.87 లక్షల కార్లు అమ్మిన కంపెనీ 2019లో 7 లక్షలు దాటింది. అంతా ప్రకటనల పుణ్యమేనని మేం అనం. నాలుగు చక్రాలకూ పవర్ అందే ఆ బండ్లు మంచులో, మట్టిలో నడుస్తాయి, అమెరికన్లకు సరిపడేలా సైజు కూడా పెంచారు. కానీ కొన్నవాళ్లకు 'ఇది మనల్ని మనుషులుగా చూసిన కంపెనీ' అన్న గురి కుదిరింది. ఆ గురి ఏళ్ల తరబడి ఒకే మాట మీద నిలబడితే వస్తుంది, ఒక పండగ సీజన్‌లో రాదు.

మాటకూ చేతకూ పొంతన లేకపోతే ఏమవుతుందో కూడా అక్కడే చూశాం. 2017లో సూపర్ బౌల్ మ్యాచ్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) టీవీ ప్రసారంలో 'ఆడి' (Audi) అనే జర్మనీ కార్ల కంపెనీ, ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా జీతం ఇవ్వాలని కదిలించే ప్రకటన వేసింది. బాగుందని చప్పట్లు కొట్టేలోపే ఎవరో కంపెనీ బోర్డు ఫొటో తీసి చూపించారు, అందులో అందరూ మగవాళ్లే. మరుసటి ఏడాది అదే మ్యాచ్‌లో 'రామ్' ట్రక్కుల కంపెనీ వాళ్లు నల్లజాతి హక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాన్ని వాడుకున్నారు. అది ఆయన 1968 ఫిబ్రవరి 4న చేసిన ప్రసంగం, సరిగ్గా యాభై ఏళ్లకు దాని మీద ట్రక్కు బొమ్మ వేశారు. తమాషా ఏంటంటే, ప్రకటనల మాయలో పడి స్థోమతకు మించిన కార్లు కొనొద్దని కింగ్ హెచ్చరించింది కూడా ఆ ప్రసంగంలోనే! జనం ఊరుకుంటారా, ఆ ముక్కే తీసి ట్రక్కు దృశ్యాలకు అతికించి నెట్‌లో పెట్టారు. ఇక తమ డీజిల్ బండ్లు కాలుష్యం చేయవని ఫోక్స్‌వ్యాగన్ చెప్పుకున్న 'క్లీన్ డీజిల్' సంగతి తెలిసిందే, పొగ పరీక్షను మోసం చేసే సాఫ్ట్‌వేర్ కోటికి పైగా కార్లలో ఉందని 2015లో బయటపడింది.

మన దేశం విషయానికొస్తే టాటా నానో గుర్తురాక మానదు. స్కూటర్ మీద వానలో తడుస్తూ వెళ్లే కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు పుట్టిన ఆలోచన అది, అంతకన్నా సామాజిక స్పృహ ఉన్న కారు ఏముంటుంది? 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చింది, 2018కి దాదాపు ఆగిపోయింది. మన దగ్గర కారు కొనడమంటే చెర్వుగట్టుకో యాదగిరిగుట్టకో తీసుకెళ్లి, దండేసి, నిమ్మకాయలు తొక్కించి, చుట్టాలందరికీ చూపించుకోవడం. దానికి 'పేదోడి కారు' అని ముద్రేస్తే ఎవరు కొంటారు? చవక కారు అన్న ప్రచారమే దెబ్బతీసిందని రతన్ టాటానే తర్వాత ఒప్పుకున్నారు.

అదే కంపెనీకి కలిసొచ్చిన మంచి మాట ఒకటుంది, భద్రత. 2018లో టాటా నెక్సాన్‌కు, కార్లను గుద్ది భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టులో ఐదు స్టార్లు వచ్చాయి, మన దేశంలో తయారైన కారుకు అదే మొదటిసారి. అప్పటి నుంచి ఆ స్టార్లనే చెప్పుకుంటూ పోయింది. 2024లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన కారు టాటా వాళ్ల పంచ్, దానికీ ఐదు స్టార్లే. అంతవరకు నలభై ఏళ్లుగా ఆ స్థానం వదలని మారుతి కూడా అదే ఏడాది కొత్త డిజైర్‌ను ఐదు స్టార్లతో దింపింది. ఇక్కడ మంచి మాట ప్రకటనలో కాదు, బండి రేకులో ఉంది, అందుకే పనిచేసింది. చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట మీదుగా విజయవాడ హైవేలో తిరిగేవాళ్లకు, జడ్చర్ల, భూత్పూర్ దాటి కర్నూలు వైపు వెళ్లేవాళ్లకు ఆ స్టార్ల విలువ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కానీ జనం కొన్నది భద్రతనా, స్టార్లనా? కారు అలంకరణ సామాన్లమ్మే ఏ షాపుకైనా వెళ్లి చూడండి. సీటు బెల్టు పెట్టుకోకపోతే వచ్చే కుయ్ కుయ్ శబ్దం ఆపడానికి, బెల్టు పెట్టే చోట గుచ్చే ఇనుప క్లిప్పు దొరుకుతుంది, పైన కంపెనీ లోగో కూడా మెరుస్తుంటుంది. వీటిని ఆన్‌లైన్‌లో అమ్మొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పెద్ద పెద్ద సైట్లకే ఆదేశాలిచ్చింది. ఐదు స్టార్ల కారుకు లక్షలు పోసి, వంద రూపాయల క్లిప్పుతో ఆ స్టార్లను తీసేసుకుంటున్నాం.

ప్రభుత్వం చేసినా ఇదే తంతు. 2022లో ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండాలని కేంద్రం తీసిన ప్రకటనలో పెళ్లికూతురిని తండ్రి కారులో అత్తారింటికి పంపుతుంటాడు, రెండే ఎయిర్‌బ్యాగులున్నాయని పోలీసు పాత్రలో అక్షయ్ కుమార్ దెప్పుతాడు. భద్రత సంగతి పక్కకు పోయి, కట్నంగా కారు ఇవ్వమని చెబుతున్నారా అని జనం నిలదీశారు. పెళ్లి చూపుల్లో "పిల్లగానికి ఏ కారు పెడుతున్నరు" అని మొహమాటం లేకుండా అడిగే మన జిల్లాల్లో ఆ ప్రకటన ఎవరికి ఏం నేర్పి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఎలక్ట్రిక్ బండ్ల వైపు మనోళ్లను తిప్పేది కూడా పచ్చటి ఆకుల బొమ్మలు కాదు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం వాటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది, షోరూంలో లెక్క వేసుకునేది ఆ మిగులునే.

డీలర్లకు మేం చెప్పేది ఒకటే. డెలివరీ రోజు రిబ్బన్ కట్టి ఫొటో దిగేటప్పుడు, ఆ స్టార్లు వచ్చింది ఏ మోడల్‌కో, మీరు అమ్ముతున్న బేస్ మోడల్‌లో ఏవి లేవో కాగితం మీద రాసివ్వండి. మీ యాక్సెసరీస్ కౌంటర్‌లో ఆ క్లిప్పులు ఉంటే ఇవాళే తీసేయండి.