మాత్ర రాసేముందు మాట చెప్పాలి

మిరప కోతలు మొదలైతే కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు ఊళ్లలో పెద్దవాళ్లు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు దారి పడతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. ఆ పిల్లల్లో ఒకరు రాత్రుళ్లు నిద్రపోక, బడిలో ఎవరితోనూ మాట్లాడక, తన చేయి తానే కోసుకునే స్థితికి వస్తే కర్నూలు పెద్దాసుపత్రికి పట్టుకొచ్చేది అవ్వే. అప్పుడు మందు మొదలుపెట్టడానికి ఒప్పుకోవాల్సింది ఎవరు?

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి చట్టబద్ధ సంరక్షకులే ప్రతినిధి, అంటే వైద్య నిర్ణయాల్లో వారి తరఫున నిలిచేవారు. ఆసుపత్రిలో చేర్చుకునే పిల్లల విషయంలో 87వ సెక్షన్ గట్టిగానే ఉంది. ప్రతినిధి సమ్మతితోనే చికిత్స చేయాలి, పెద్దల వార్డులో ఉంచకూడదు, 72 గంటల్లోగా మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు తెలపాలి. పిల్లలకు మెదడుకు కరెంటు పెట్టే చికిత్స (ఈసీటీ) నిషిద్ధం. తప్పదని సైకియాట్రిస్టు భావిస్తే సంరక్షకుల సమ్మతితో పాటు బోర్డు ముందస్తు అనుమతి ఉండాలి.

ఓపీలో చీటీ రాయించుకుని సాయంత్రం బస్సుకు ఊరెళ్లిపోయే పిల్లల కోసం మాత్రం ఇంత వివరమైన సెక్షన్ లేదు. తల్లిదండ్రులు బతికుండగా అవ్వ చట్టబద్ధ సంరక్షకురాలు కాదు. ఆమెను తిప్పి పంపితే బిడ్డకు వైద్యం ఆగుతుంది. వేలిముద్ర వేయించుకుని మాత్రలు చేతిలో పెడితే సమ్మతి కాగితం మీదే మిగులుతుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు ప్రతినిధి అందుబాటులో లేకపోయినా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయొచ్చు గానీ, నెలల తరబడి వాడే మందుకు ఆ వెసులుబాటు సరిపోదు.

లాభనష్టాలు, వేరే మార్గాలు అర్థమయ్యే భాషలో చెప్పాక, ఒత్తిడి లేకుండా ఇచ్చినదే సమ్మతి అని చట్టమే నిర్వచించింది. ఇక్కడ ఆ భాష తెలుగు ఒక్కటే కాదు, ఉర్దూ, కన్నడం కూడా. కుంగుబాటు మందులు కొందరు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలను పెంచవచ్చని, మొదటి వారాల్లో దగ్గరుండి కనిపెట్టుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే హెచ్చరిక వేయించింది. మందు వద్దనడానికి చేసిన హెచ్చరిక కాదది. చాలామంది పిల్లలు ఈ మందులతోనే తేరుకుని బడికి వెళుతున్నారు. కానీ కనిపెట్టుకోవాల్సిన మనిషికి ఆ సంగతి చెప్పకపోతే ఎలా? కాస్త తేరుకోగానే మాత్రలు ఉన్నపళంగా మానేయకూడదని ఆమెకు ఎవరు చెబుతారు?

బిడ్డ మాట సంగతీ ఉంది. రోగికి అర్థమైనంత మేరకు అతని అభిప్రాయానికి ప్రత్యేక విలువ ఇవ్వడం ప్రతినిధి విధి అని 17వ సెక్షన్ అంటోంది. పదిహేనేళ్ల పిల్లను బయట కూర్చోబెట్టి లోపల ఆమెకు మందు నిర్ణయించడం ఈ సెక్షన్‌కు విరుద్ధమన్నది మా అభిప్రాయం.

సుగ్గికి వెళ్లే ముందే తల్లిదండ్రులు అవ్వాతాతలకు వైద్య నిర్ణయాల అధికారం రాసివ్వగలిగే ఒక పేజీ పత్రాన్ని, ఓపీలో వాడే మందుల సమ్మతికి స్పష్టమైన నిబంధనలను రాష్ట్ర ప్రభుత్వం తేవాలి. అంతవరకు గుంటూరు చేలో ఉన్న తల్లికి డాక్టరే ఫోన్ చేసి మందు గురించి చెప్పి, ఆమె అన్న మాటను కేస్ షీట్‌లో రాయాలి.